లేని జీపును వెతికిన రోజు

బండ్లు తనిఖీ చేసే మమ్మల్ని పల్నాడులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. కాగితం మీద ఉండే అసలు హోదా పేరు చానా పొడుగు. దాన్ని పూర్తిగా పలికే ఓపిక ఏ లారీ డ్రైవరుకూ ఉండదు. నేను ఆడమనిషిని కాబట్టి నా వెనక 'బ్రేకమ్మ' అనేవాళ్ళు. ఒకసారి ఒక ట్రాక్టరాయన మర్చిపోయి నా ఎదురుగానే ఆ మాట అనేసి నాలిక కరుచుకున్నాడు. నాకా పేరు బాగానే ఉందనిపించి నవ్వేశాను. అప్పటినుంచి అందరూ ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెబుతున్నాను. మీకు ట్రైనింగులో బ్రేకులు చూడటం నేర్పుతారు, పొగ చూడటం నేర్పుతారు. లైసెన్సు టెస్టుకు వచ్చినవాళ్ళలో నిజంగా డ్రైవింగు వచ్చినవాడెవడో కనిపెట్టడం మీకే అలవాటవుతుంది. పేదరికం గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పరు. మాకూ చెప్పలేదు. ఎవరు పేదవాళ్ళో, ఎవరు కాదో తేల్చడం వేరే ఆఫీసుల పని అనుకుంటూ నా సర్వీసంతా గడిపేశాను. రిటైర్మెంటు దగ్గర పడిన రోజుల్లో, నరసరావుపేటలో పనిచేస్తుండగా, ఆ పని మా గేటు దాటి లోపలికి నడుచుకుంటూ వచ్చింది. ఆ ఒక్క పనిలో నాకు కలిగిన హుషారు మిగిలిన సర్వీసు మొత్తంలో కలగలేదు. అందుకే రాస్తున్నాను.

అది శుక్రవారం. ఫిట్‌నెస్ కోసం వచ్చిన ఆటోలు ఆవరణలో వరస కట్టి ఉన్నాయి. నేను ఒక ఆటో కింద తలపెట్టి చూస్తుంటే వెనకనుంచి ముసలి గొంతు వినిపించింది.

"బ్రేకమ్మంటే నువ్వేనా?"

లేచి చూస్తే చేతికర్ర పట్టుకున్న ఒక ముసలామె, ఆమె పక్కన నలభై దాటిన ఇంకొకామె. అత్తాకోడళ్ళని తర్వాత తెలిసింది.

"నేనే పెద్దమ్మా. మీ బండేది?"

"మాకు బండి లేదు. లేదని నువ్వు రాసియ్యాలంట."

ఉన్న బండి బాగుందని రాసివ్వడం నాకు తెలుసు, బాగాలేదని రాసివ్వడం ఇంకా బాగా తెలుసు. లేని బండి లేదని రాసివ్వమని అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించి అడిగితే విషయం బయటికొచ్చింది. కోడలు మెల్లిగా చెబుతుంటే అత్త మధ్య మధ్యలో అందుకుంటోంది.

వాళ్ళది వెల్దుర్తి దగ్గర పల్లె. ముసలామె కొడుకు ఒక పాత జీపు కొని మాచర్లకూ చుట్టుపక్కల ఊళ్ళకూ జనాన్ని తిప్పేవాడు. జీపు మాత్రం భార్య పేరు మీద కొన్నాడు. ఆమె పేరు కలిసొస్తుందని ఎవరో చెప్పారట. కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత అతనికి గుండె జబ్బు వచ్చి పోయాడు. జీపు ఇంటిపక్కన వానకు తడిసి, ఎండకు ఎండి, చివరికి టైర్లు కూడా నేలలో దిగబడిపోయాయి. ఒకరోజు మాచర్ల తుక్కు సామాన్లవాళ్ళు వచ్చి ముక్కలు చేసి పట్టుకుపోయారు. బండి పోయిందని మా ఆఫీసుకు వచ్చి చెప్పాలని వాళ్ళకు తెలియదు. ఎవరికి తెలుస్తుంది? మనిషి పోతే చెప్పాలనే ఇంకా సగం మందికి తెలియదు.

మా కంప్యూటర్లో మాత్రం ఆ జీపు కొత్త పెళ్ళికొడుకులా నిక్షేపంగా ఉంది. రేషను కార్డులో పేరున్న ఎవరికైనా నాలుగు చక్రాల బండి ఉంటే ఆ ఇల్లు పేద ఇల్లు కాదన్నది నిబంధన. ఎక్కడో ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను అడిగింది, ఈమెకు బండి ఉందా అని. ఉందని మాది చెప్పింది. దాంతో కోడలి వితంతు పింఛను, అత్త వృద్ధాప్య పింఛను, ఇంటి బియ్యం అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

"సచివాలయంలో పిల్ల చెప్పింది, మీకు కారుందంట గదా అని," అంది ముసలామె. "కారంట. మా ఇంటో సైకిలు గూడా లేదు."

ఆ నిబంధనలో ట్యాక్సీలకు మినహాయింపు ఉంది, ఆటోలకు ఉంది, ట్రాక్టర్లకూ ఉంది. అవి బతుకుదెరువు కాబట్టి. కానీ ఈ జీపుకు ఉన్నది తెల్ల నంబరు బోర్డు. ట్యాక్సీగా రిజిస్టరు చేయించకుండా సొంత బండిలా రాయించి జనాన్ని తిప్పాడు. అప్పట్లో పల్నాడులో సగం జీపులు అట్లాగే తిరిగేవి. పసుపు బోర్డు ఉంటే కూలినాలి, తెల్ల బోర్డు ఉంటే సిరిసంపద. ఒక డబ్బా రంగులో వీళ్ళ పేదరికం ఎగిరిపోయింది.

"సరే, రిజిస్ట్రేషన్ రద్దు చేసేద్దాం," అన్నాను.

మా సీనియర్ అసిస్టెంటు తన బల్ల దగ్గరనుంచే తలెత్తాడు. చట్టం పుస్తకం తలకింద పెట్టుకుని నిద్రపోతాడేమోనని మేమంతా అనుకునే మనిషి.

"చాసీ ముక్క తెచ్చారా మేడం?"

బండి మొత్తాన్ని మోసే రెండు పొడుగాటి ఇనప దూలాలను చాసీ అంటారు. వాటిలో ఒకదాని మీద బండి నంబరు గుద్ది ఉంటుంది. బండిని తుక్కు చేస్తే నంబరున్న ఆ కాస్త ముక్కను కోసి ఆఫీసులో అప్పగించాలి. లేకపోతే చచ్చిపోయిన బండి నంబరును దొంగబండికి తగిలించి తిప్పేవాళ్ళున్నారు. కాబట్టి ఆయన అడగడం న్యాయమే.

"ఎప్పుడో కోసి పట్టుకుపోయారు, ఇప్పుడు ముక్క యాడ తెచ్చేది?" అంది కోడలు.

"ముక్క లేకుండా నా చేతిమీదుగా ఒక్క ఆర్డరు వెళ్ళలేదమ్మా. రేపు ఎవరన్నా ఆ నంబరుతో పట్టుబడితే జైలుకు పోయేది నువ్వే."

సోమవారం సాయంత్రంలోపు కాగితం చూపిస్తేనే సచివాలయంలో పేర్లు మళ్ళీ కలుపుతారట. అది దాటితే మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో వాళ్ళకే తెలియదు. మరుసటి రోజు రెండో శనివారం, మాకు సెలవు.

ముసలామె లేచి నిలబడింది. "అమ్మా, మేం పేదోళ్ళమని రాయమని రాలేదు. ఆ మాట రాయించుకునేంత కర్మ మాకేం పట్టలా. జీపు లేదని రాయి చాలు. అది నిజమే గదా."

"ఇనుము గాల్లో కలిసిపోదు గదా," అన్నాను. "ఎక్కడో ఒకచోట ఉంటుంది. రేపు వెతుకుదాం."

"లేని జీపును యాడ వెతుకుతారు మేడం?" అన్నాడు సీనియర్ అసిస్టెంటు. తనకు ఇంట్లో పనుందని, రాలేనని కూడా చెప్పాడు.

మర్నాడు పొద్దున అత్తాకోడళ్ళను వాళ్ళ చుట్టాలింటి దగ్గర ఎక్కించుకుని నేను కారు తిప్పేసరికి, బస్టాండు ముందు ఆయన చేతిసంచితో నిలబడి ఉన్నాడు. సంచిలో గరుకు కాగితం, సుద్దముక్కలు, సీసాలో కిరసనాయిలు.

"నేను లేకపోతే మీరు ఏదో ఒక ముక్క పట్టుకొచ్చి ఇదే అంటారు," అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు.

మాచర్ల దారి పట్టాం. ముసలామె కాసేపు సీటు తడిమి చూసి అడిగింది. "ఈ కారు నీ పేరు మీదేనా అమ్మా?"

"నా పేరు మీదే."

"అయితే నీకు గూడా కార్డు రాదు."

"రాదు పెద్దమ్మా."

"పోన్లే," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

సీనియర్ అసిస్టెంటుకు మాట దొరికింది. "పేదోళ్ళెవరో తేల్చాలంటే ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి మేడం. ప్రతి ఇంట్లోకీ దూరి కుండ మూత తీసి చూడలేరు గదా. కారున్నోడు పేదోడు కాదన్నారు. అందులో తప్పేముంది?"

తప్పేమీ లేదు. ఆ నిబంధన వచ్చినప్పుడు నేను సంతోషించాను కూడా. మేడలున్నవాళ్ళు రేషను సంచి పట్టుకుని వరసలో నిలబడటం నా కళ్ళతో చూశాను. కానీ ఈ గీత ఎన్నిసార్లు చెరిపి ఎన్నిసార్లు గీశారో నాకు గుర్తే. నా చిన్నప్పుడు గురజాల వైపు మా ఊళ్ళో, పండక్కి తప్ప వరన్నం వండుకోలేనివాళ్ళే పేదవాళ్ళని మా నాయనమ్మ లెక్క. రోజూ జొన్న సంకటి తినే మా ఇల్లు ఏ వైపు పడుతుందో మాత్రం చెప్పేది కాదు. తర్వాత ఎకరాలు అడిగారు. ఆ తర్వాత పైకప్పు చూశారు, పూరిల్లా, రేకులా, శ్లాబా అని. ఒకసారి సర్వేకు వచ్చినాయన ఇంట్లో ఎన్ని జతల బట్టలున్నాయని అడిగితే, మా పిన్ని దండెం మీదున్న చీరలన్నీ చుట్టలు చుట్టి నీళ్ళ గాబు వెనక దాచేసింది. ఇప్పుడు కరెంటు బిల్లు చూస్తున్నారు, బండి చూస్తున్నారు.

ఇదంతా చెబితే ముసలామె వెనకనుంచి అంది. "నన్నడిగితే ఒక్క మాటలో చెబుతా గదా. జొరమొచ్చినప్పుడు పనికి పోకుండా పడుకోగలిగినోడు ఉన్నోడు. జొరంతో గూడా పోయేవాడు లేనోడు."

"బాగానే ఉంది గానీ పెద్దమ్మా, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం కష్టం," అన్నాడు సీనియర్ అసిస్టెంటు.

"మరి లేని జీపు ఎట్టా ఎక్కిందయ్యా?"

ఆయన కిటికీ అద్దం దించి, మాచర్ల ఇంకెంత దూరముందో రాళ్ళ మీద చూడటం మొదలుపెట్టాడు.

మాచర్లలో ఆ తుక్కు కొట్టు యజమాని యాభై ఏళ్ళ సాయిబు. ఇనుము గుట్టల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కోడలు ఊరి పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"నీలం జీపు గదమ్మా? ముందు అద్దం మీద చిలకల బొమ్మలుండేవి. మీ ఆయన మా షెడ్డు ముందే ఆపి టీ తాగేవాడు. మంచి మనిషి."

ఆమె తలూపింది. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన కప్పు పక్కన పెట్టి లేచాడు. ఇద్దరు పనివాళ్ళను పిలిచి గుట్టలు కదిలించాడు. పాత ఫ్యాన్లు, గేట్లు, పంపుసెట్ల పెంకులు అటూ ఇటూ దొర్లాయి. కాసేపటికి తుప్పు పట్టిన ఒక దూలం ముక్క తెచ్చి నా ముందు పడేశాడు. "జీపు చాసీ. నీలం రంగు గూడా ఉంది చూడండి."

దాని మీద గుద్దిన అంకెలు మసక మసకగా కనిపించాయి. "దొరికింది పెద్దమ్మా," అని అరిచేశాను. ముసలామె కర్ర కింద పడేసి దణ్ణం పెట్టింది. సీనియర్ అసిస్టెంటు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఆర్సీ కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో అంకె చదువుకుంటూ పోయాడు. చివరికి లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"వేరే జీపు మేడం. పల్నాడులో నీలం జీపులు తక్కువా?"

ఆయన పొద్దున అన్న మాట నిజమైంది. నేను ఏదో ఒక ముక్క పట్టుకుని ఇదే అన్నాను.

సాయిబు గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "ఇంజను నీళ్ళ మోటారుకు పోయింది, అది నాకు తెలుసు. ఇరుసు ఎద్దులబండికి పోయింది. చాసీ దూలాలు... ఆగండి. కోయకుండానే నకరికల్లులో మా బావమరిది కొట్టుకు పంపినా. కానీ మేడం, ఆయన సరుకంతా కరిగించే ఫ్యాక్టరీకి పోద్ది. శనివారం శనివారం లోడు పంపుతాడు."

"ఇవాళ శనివారం," అన్నాడు సీనియర్ అసిస్టెంటు.

ఫోను చేస్తే బావమరిది ఎత్తలేదు. మేం కారు దగ్గరికి నడిచామో, పరిగెత్తామో గుర్తులేదు. ముసలామెను మాత్రం సీనియర్ అసిస్టెంటే చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. సర్వీసంతా వేగంగా నడిపేవాళ్ళకు చలానాలు రాసిన నన్ను పట్టుకుని, ఆ మనిషి, "కొంచెం తొక్కండి మేడం," అన్నాడు.

నకరికల్లు చేరేసరికి కొట్టు ముందు లారీ నిండుగా ఉంది. పైన తాడు కట్టేశారు, డ్రైవరు ఇంజను వేసి గేరులో పెడుతున్నాడు. నేను కారు అడ్డంగా ఆపి దిగి చెయ్యెత్తాను. అతను నన్ను గుర్తుపట్టాడు. క్షణంలో కిందికి దూకి పర్మిటు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం అన్నీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అన్నీ సక్రంగా ఉండయ్యమ్మా. టెయిల్ లైటు ఒకటి నిన్ననే పోయింది, సాయంత్రానికి ఏయిస్తా."

"నీ లైటు సంగతి తర్వాత. లోడు దించు."

అతని మొహం చూడాల్సింది. ఈ గోలకు కొట్టు యజమాని, ఆ బావమరిది, భోజనం మధ్యలో ఎంగిలిచేత్తో బయటికొచ్చాడు. మా మాట వినగానే ఎడమచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"చాసీ దూలాలా? అయ్యి ఇందులో లేవండి. ముప్పాళ్ళ దగ్గర ఒక రైతు పంటకాలవ మీద దాటడానికి ఏసుకుంటానని రెండూ పట్టుకెళ్ళాడు. బలంగా ఉండయ్యి, కరిగించడం దేనికని నేనే ఇచ్చా."

కరిగిపోలేదు. కోడలు అప్పుడే మొదటిసారి పెద్దగా మాట్లాడింది. "అయితే ఉందన్నమాట, అత్తా," అంది.

ముప్పాళ్ళ చేరేసరికి పొద్దు వాలుతోంది. పొలాలు మిరపపండుతో ఎర్రగా ఉన్నాయి. పంటకాలవకు అవతల ఆడవాళ్ళు వరసగా కోత కోస్తున్నారు. కాలవ మీద రెండు ఇనప దూలాలు, వాటి మీద అడ్డంగా చెక్కలు. ఒకామె నెత్తిన మిరపకాయల బస్తాతో దాని మీదుగా చకచకా దాటి ఇవతలికి వచ్చింది.

కోడలు ఎవరికీ చెప్పకుండా గట్టు దిగి దూలం దగ్గర కూర్చుంది. ఒకచోట లావుగా ఉన్న వెల్డింగు అతుకు మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇదే," అంది. "ఈ అతుకు ఆయన కారంపూడిలో ఏయించాడు. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నా."

నాకైతే ఆ మాట చాలు. కానీ అతుకును చూసి ఆర్డరు రాయలేను. సీనియర్ అసిస్టెంటు చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. నేనూ చీర కుచ్చిళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగాను. నంబరు ఉండాల్సిన చోటు గట్టు మట్టిలో కూరుకుపోయి ఉంది. కోత కోసే ఆడవాళ్ళు పని ఆపి వచ్చారు. ఒకామె కొడవలిచ్చింది, ఇంకొకామె చేత్తోనే మట్టి తవ్వింది. కిరసనాయిలు పోసి గరుకు కాగితంతో తుడిచాం. తుప్పు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కింద నీలం రంగు, దాని కింద ఇనుము. సుద్దపొడి రాసి, తెల్లకాగితం పెట్టి, పెన్సిలు అడ్డంగా రుద్దడం మొదలుపెట్టాను.

గట్టు మీద కూర్చున్న కోడలికి ఆర్సీ ఇచ్చాం. "ఒక్కొక్కటే చదువమ్మా," అన్నాడు సీనియర్ అసిస్టెంటు. ఆమె ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదివింది. కాగితం మీద నల్లగా ఒక్కోటి తేలుతుంటే నేను "ఉంది" అన్నాను. నేను "ఉంది" అన్నప్పుడల్లా ఆ ఆడవాళ్ళు కూడా "ఉంది" అన్నారు. ఒకచోట తుప్పు తినేసి, అది మూడో ఎనిమిదో తెలియలేదు. సీనియర్ అసిస్టెంటు నీళ్ళలో నడుం వంచి, వేలితో తడిమి, కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమాడు.

"ఎనిమిది," అన్నాడు.

"ఎనిమిదే ఉంది దీంట్లో," అంది కోడలు.

చివరి అంకె దాకా సరిపోయింది. అప్పుడు నాకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో చెప్పలేను. బురదలో నిలబడి సీనియర్ అసిస్టెంటుకు చెయ్యి చాపితే, ఆయన రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. అన్నేళ్ళు కలిసి పనిచేసినా మేమిద్దరం ఎన్నడూ కరచాలనం చేసుకోలేదు.

అప్పుడే పొలం యజమాని పెద్ద తెల్లకారులో దిగాడు. ఊళ్ళో నలుగురూ లెక్కచేసే మనిషని నడకలోనే తెలుస్తోంది.

"ఎవరమ్మా మీరు? నా వంతెన కింద ఏంది పని?"

చెప్పాను. ఓపికగానే విన్నాడు. తర్వాత తలడ్డంగా ఊపాడు. "ఇది కోస్తే గట్టుకు ఆనదు, కూలిపోద్ది. దీనిమీద తిరిగేది గూడా పేదోళ్ళే గదా. వాళ్ళు బస్తాలతో నీళ్ళలో పడితే ఎవరిది పూచీ?"

ఆ మాటలో న్యాయముంది. కోత ఆడవాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన అక్కడితో ఆగి ఉంటే మేం వట్టి పెన్సిలు కాగితంతో వెనక్కి వచ్చేవాళ్ళమేమో. కానీ ఆగలేదు.

"అయినా ఇదంతా ఏంది? బండి ఉంటే కార్డు తీసేస్తారంటే నేను నమ్మను. ఇంత కారు పెట్టుకుని తిరుగుతున్నా, నా కార్డు పోలేదే."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సీనియర్ అసిస్టెంటు నీళ్ళలోంచే తలెత్తి చానా మర్యాదగా అడిగాడు.

"అవునా అండీ. కారు ఎవరి పేరు మీద ఉందండీ?"

ఆయన ఒకసారి కారు వంక, ఒకసారి నా వంక చూశాడు.

"ఎంత ముక్క గావాలమ్మా మీకు?" అన్నాడు.

మిగిలిందంతా పండగలా జరిగింది. ఉపాయం చెప్పింది కోత ఆడవాళ్ళలో ఒకామె. దూలాన్ని అవతలి గట్టు మీదనుంచి కొంచెం ఇవతలికి లాగితే, నంబరున్న కొస గట్టు మీదకి బయటికొస్తుంది, దాన్ని కోసినా మిగతాది గట్టుకు ఆనుతుంది. చెక్కలు తీసేశారు. యజమాని ఫోను చేసి ముప్పాళ్ళ నుంచి గ్యాస్ కట్టర్ అబ్బాయిని పిలిపించాడు. అతను వచ్చేలోపు అందరం దూలానికి రెండు పక్కలా చేరాం. కోత ఆడవాళ్ళు, సీనియర్ అసిస్టెంటు, నేను, చివరికి తెల్లచొక్కా చేతులు మడుచుకుని యజమాని కూడా. "ఐలెస్సా" అంటూ ఒక్క ఊపున లాగితే అది మూలుగుతూ జరిగింది. ముసలామె గట్టు మీద నిలబడి కర్రతో అటు, ఇటు అని మాకు దారి చూపించింది. నిప్పురవ్వలు చిమ్ముతూ అరచెయ్యంత ముక్క తెగి పడింది. చెక్కలు మళ్ళీ వేశాక, మొదట ఆ ఉపాయం చెప్పినామె బస్తా ఎత్తుకుని దాటి, మధ్యలో ఆగి రెండుసార్లు గట్టిగా తొక్కి చూసింది. కదల్లేదు.

సోమవారం పొద్దున్నే రద్దు ఆర్డరు సీనియర్ అసిస్టెంటే టైపు చేశాడు. కోడలు దాన్ని పట్టుకుని వెల్దుర్తి బస్సెక్కింది. సాయంత్రం గడువు లోపలే ఇచ్చామని ఫోను చేసి చెప్పింది.

అప్పటినుంచి నేను రిటైరయ్యేదాకా నా బల్ల మీదికి అలాంటి బండ్లు వస్తూనే ఉన్నాయి. ఎప్పుడో అమ్మేసిన వ్యాన్లు, పేరు మార్చని కార్లు. నేను గీతను తప్పుపట్టను. ఏదో ఒక కొలత లేకుండా అంత జనంలో లేనివాళ్ళను వేరుచేయడం ఎవరి తరమూ కాదు. కానీ కంప్యూటర్ 'ఉంది' అన్నప్పుడు, ఎక్కడుందో వెళ్ళి చూసే మనిషి ఒకరుండాలి. పిల్లలూ, అప్పుడప్పుడు ఆ మనిషి మీరే అవుతారు. చెప్పులు విప్పడానికి మొహమాటపడకండి.

కొన్నాళ్ళకు అత్తాకోడళ్ళు మళ్ళీ ఆఫీసుకు వచ్చారు. పేర్లు మళ్ళీ ఎక్కాయని, పింఛన్లు వచ్చాయని చెప్పడానికే అంత దూరం వచ్చారు. సీనియర్ అసిస్టెంటు ముసలామెకు తన కుర్చీ ఇచ్చి నిలబడ్డాడు. ఆమె అందులో సర్దుకుని కూర్చుని నన్ను అడిగింది.

"అంటే అమ్మా, ఇప్పుడు మేం పేదోళ్ళమైనట్టేనా?"

"అయినట్టే పెద్దమ్మా."

"మరి ఇన్ని నెలలూ ఉన్నోళ్ళమా?"

"కాగితం ప్రకారం అంతే."

ఆమె కోడలి వైపు తిరిగింది. "విన్నావటే? ఉన్నోళ్ళమంట. ఆ ముక్క ముందే ఎవరన్నా చెప్పుంటే, ఒక ఆదివారమన్నా ఏటకూర తెచ్చుకునేవాళ్ళం గదే."

"ఇయ్యాల తెచ్చుకుందాంలే అత్తా," అంది కోడలు, ఆమె కర్ర అందిస్తూ. "పద, బస్సు పోద్ది."